ఆకుపచ్చ అంటే ఆగినట్టే

కిందటి వారం అన్ననీ వదిననీ డిజైను స్కూలు మెట్ల మీద వదిలేసి వచ్చాం. పైకి రానని అన్న. ఇంతదూరం వచ్చి వెనక్కి పోవడమేమిటని వదిన. దారికి అడ్డంగా నిలబడి ఇద్దరూ కీచులాడుకుంటుంటే, పై మెట్టు మీద చెల్లెలు కొంగు మెలిపెట్టుకుంటూ నిలబడి ఉంది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి సంగతి చెప్పాలి. నీళ్ళ కంపెనీ పంపుహౌసులో ఈ చెల్లెలి మొగుడు పైన కంట్రోలు రూములో కంప్యూటరు తెర చూసే ఆపరేటరు. ఆమె అన్న కింద గోతిలో ఫిట్టరు. నాలుగు నెలల కిందట ఒక మధ్యాహ్నం పైనుంచి ఫోన్లో మొగుడు "కరెంటు లేదు బావా, చెయ్యి పెట్టొచ్చు" అన్నాడు. అన్న చెయ్యి పెట్టాడు. పంపు తిరిగింది. కుడిచెయ్యి మోచేతి కింద నుంచి పోయింది. కంపెనీ పెద్దలు చల్లగదిలో కూర్చుని "మనిషి పొరపాటు" అని తేల్చేసి, ఆపరేటరుని ఇంట్లో కూర్చోబెట్టారు. రేపు పొద్దున విచారణ. అందులో అన్న ఏం చెబితే అదే ఖాయం. "బావ తెర చూడకుండానే చెప్పాడు" అన్నాడా, ఉద్యోగం పోవడమే కాదు, పోలీసు కేసు కూడా. ఇంత జరిగినా మొగుడు మాత్రం ఎవరేమడిగినా "నా తప్పే" అనే ఒక్క ముక్క తప్ప నోరు విప్పడు.

ఆ నోరు విప్పించలేకే ఆమె తెరనే నిలదీద్దామని బయల్దేరింది. పగలు కొరియరు ఆఫీసు కౌంటరులో ఉద్యోగం, సాయంత్రం తెరల డిజైను క్లాసులు. మొగుడి సామాను తెచ్చుకోవడానికి కంట్రోలు రూముకి వెళ్ళినప్పుడు ఆ తెరని కళ్ళలో నింపుకుని వచ్చి, ఉన్నది ఉన్నట్టు ల్యాప్‌టాప్‌లో గీసింది. ఇప్పుడు దాని ముందు అన్నని కూర్చోబెట్టాలి.

"పరీక్షంట!" అన్న మెట్ల మీద నుంచి కదలకుండా అన్నాడు. "ఈ వయసులో నాకు పరీక్షేంటే? పరీక్షలంటే భయపడేగా నేను బడి మానేసి స్పానరు పట్టుకుంది!"

"పరీక్ష నీక్కాదన్నయ్యా. తెరకి."

"తెరకేం చెయ్యి పోలేదుగా."

వదిన అందుకుంది. వదిన నోటికి ఊళ్ళో ఎవరూ ఎదురెళ్ళరు. ఈ నాలుగు నెలల్లో ఆ నోటికి ఇంకా పదును పెరిగింది. మొగుడి చొక్కా బొత్తాలు తను పెడుతోంది, అన్నం ముద్దలు తను పెడుతోంది, స్నానం గదిలో వీపు తను రుద్దుతోంది. పదును పెరగదా మరి?

"మా ఆయనకి చెయ్యి పోయింది. మీ ఆయనకి నోరెప్పుడు పోయిందమ్మాయ్? అదీ ఆ పంపులోనే పడిందా?"

"వదినా, ప్లీజ్."

"ప్లీజేంటి ప్లీజు! ఒక్కసారి మా గుమ్మం తొక్కాడా? ఆస్పత్రికి వచ్చాడు, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, పోయాడు. గోడకేమన్నా చెప్పాడేమో అడుగు."

"ఇంక ఆపవే," అన్నాడు అన్న. చెల్లెలి వైపు చూశాడు. ఆ చూపులో ప్రేమ లేదు. "సరే. వస్తా. వచ్చి ఆ బొమ్మ చూస్తా. దాని ముందు కూర్చున్నవాడు ఎంత గుడ్డివాడో నా కళ్ళతో నేను చూసి, రేపు అక్కడ గట్టిగా చెబుతా. అందుకే వస్తున్నా. నీ కోసం అనుకోకు."

"అందుకే రా," అందామె. ఆమెకీ ఒళ్ళు మండిపోతోంది. తోడబుట్టినవాడు ఇంత మాటన్నందుకు కాదు. అలా అనే హక్కు ఆయనకి ఉన్నందుకు.

ఆ గది చిన్నది. ఒక బల్ల, రెండు కుర్చీలు, తలకి పైన ఒక కెమెరా. ఒక గోడకి నిలువుటద్దం ఉంది. ఇటునుంచి చూస్తే మన మొహమే కనిపిస్తుంది. అటునుంచి చూసేవాళ్ళకి మనం కనిపిస్తాం. అద్దం వెనక చీకటి గదిలో పాఠం చెప్పే మేడమ్, క్లాసు పిల్లలు కూర్చుని రాసుకుంటారు. పోలీసుస్టేషన్లో దొంగల్ని చూపించడానికి ఇలాంటివి పెడతారట. ఇక్కడ దొంగతనం తెరది. అయినా బోనులో కూర్చోవలసింది మాత్రం మనిషే.

వదినని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆవిడ కూర్చోలేదు, తలుపుకి ఆనుకుని నిలబడింది.

చెల్లెలు కుర్చీ లాగి, రాసుకున్న కాగితం చూసి చదవడం మొదలుపెట్టింది.

"మీరు ఈరోజు ఇక్కడికి వచ్చినందుకు ధన్యవాదాలు. మేము పరీక్షిస్తున్నది మిమ్మల్ని కాదు..."

"ఏంటే?" అన్నాడు అన్న. "మీరేంటి? ధన్యవాదాలేంటి? నీకు లంగాకి బొందు కట్టింది నేనే!"

అద్దం వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"అన్నయ్యా, ఇది అందరికీ ఒకేలా చదవాలి. నువ్వని ఒకలా, ఇంకొకరని ఒకలా చదవకూడదు. కాసేపు ఓర్చుకో."

"చదువు, చదువు. మీరు చదవండి, మేము వింటాం."

"మీరు తెర చూస్తూ మనసులో ఏమనుకుంటే అది పైకి అనేయండి. తప్పు, ఒప్పు అంటూ ఏమీ లేదు. మధ్యలో మీరు నన్నేమైనా అడిగితే నేను జవాబు చెప్పలేకపోవచ్చు. అది మిమ్మల్ని అవమానించడానికి కాదు."

ఆ చివరి వాక్యం ఆమె తలెత్తకుండా చదివింది. ఈ చదువులో అన్నింటికంటే కష్టమైంది ఇదేనని మేడమ్ మొదటిరోజే చెప్పింది. ఎదుటివాడు తెర ముందు తడబడుతుంటే చూస్తూ కూర్చోవాలి. వేలు పెట్టి చూపించకూడదు. కనుబొమ్మ ఎగరేయకూడదు. "అబ్బ" అని కూడా అనకూడదు. మీరు ఒక్క మాట సాయం చేస్తే ఆ తర్వాత కనిపించేదంతా అబద్ధం అని మేడమ్ అంది. రేపు నిజంగా ఆ తెర ముందు ఆ మనిషి ఒంటరిగా కూర్చుంటాడు, అప్పుడు మీరు పక్కన ఉండరు అంది. ఆ మాట విన్నరోజు ఆమె బస్సులో ఏడ్చింది. తన మొగుడు ఆ మధ్యాహ్నం ఆ తెర ముందు ఎలా కూర్చుని ఉంటాడో ఆ మాటతోనే మొదటిసారి కళ్ళకి కట్టింది.

ఇప్పటిదాకా, మేడమ్ లేని సాయంత్రాల్లో, ఈ బొమ్మ ముందు చాలామందిని కూర్చోబెట్టింది. కాలేజీ పిల్లలు టకటకా సరిగ్గా చెప్పేశారు. ఒక పాత లైన్‌మన్ తప్పు చెప్పాడు. ఒక లిఫ్టు మెకానిక్కు తప్పు చెప్పాడు. వాళ్ళిద్దరూ ఒకటే తప్పు, ఒకేలా, ఏమాత్రం తడుముకోకుండా చెప్పారు. చూసిన క్లాసు పిల్లలు "పెద్దవాళ్ళు కదా ఆంటీ, టచ్‌స్క్రీన్లు కొత్త" అన్నారు. నలభై దాటిన ప్రతివాడూ సగం గుడ్డి, సగం చెవుడు అని వాళ్ళ లెక్క. ఆ నోళ్ళు మూయించాలంటే పంపుహౌసు మనిషే కావాలి. కంపెనీకి భయపడి పంపుహౌసు వాళ్ళెవరూ రాలేదు. ఇంటి ముందు నిలబడి బతిమాలితే తలుపేసుకున్నారు. ఇక కంపెనీ వల్ల పోగొట్టుకోవడానికి ఏమీ మిగలనివాడు అన్న ఒక్కడే.

ఆమె ల్యాప్‌టాప్ తిప్పింది. తెర మీద నీళ్ళ ట్యాంకు బొమ్మ, దాని కింద వరసగా మూడు పంపులు. రెండు ఎరుపు, మధ్యది ఆకుపచ్చ. ఒక్కో పంపు కింద చీమ తలకాయలంత బూడిదరంగు అక్షరాలు.

అన్న ముందుకి వంగాడు. కుడిచెయ్యి ఎత్తబోయి, అక్కడ మడిచి కుట్టిన చొక్కా చెయ్యి మాత్రమే ఉందని గుర్తొచ్చి, ఎడమచెయ్యి బల్ల మీద పెట్టాడు. ఆమె కాగితంలోకి చూసింది.

"మొదటిది. ట్యాంకులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చెప్పండి."

"సగానికి పైన. ఇదిగో నీలం గీత. దీనికి కూడా పరీక్షా?" అన్న కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇంత పెద్ద బొమ్మేసి ఇచ్చారు. ఏసీ వేసి ఇచ్చారు. మేం కింద బురదలో చస్తుంటే పైన కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఈ మాత్రం చూడలేకపోయాడా మీ ఆయన?"

ఆమె నోరు కట్టేసుకుంది.

"రెండోది." ఆమె కాగితం మీద వేలు పెట్టి చదివింది. "కింద గోతిలో ఒక ఫిట్టరు ఉన్నాడు. పంపుని మోటారుకి కలిపే కప్లింగు విప్పాలి. ఏ పంపు మీద చెయ్యి పెట్టొచ్చో అతనికి చెప్పండి."

అన్న ఆమె మొహంలోకి చూశాడు. దవడ ఎముక కదిలింది.

"కావాలనే రాశావు కదే ఇది."

ఆమె పలకలేదు.

"నా చేతే చెప్పించాలని. అవునా? సరే, చెబుతా. మీ ఆయనకి తెలియకపోతే నేను చెబుతా. వినమను." ఆయన గొంతు పైకి లేచింది. తలుపు బయట వదినకి వినిపించేంత. ఎడమచేతి చూపుడు వేలితో తెర మీద మధ్య పంపు మీద టక్కున కొట్టాడు. "ఇదిగో. దీని మీద పెట్టమను. ఆ రెంటి జోలికి పోవద్దను. ఇందులో అంత ఆలోచించేదేముంది?"

ఆయన వేలు ఆకుపచ్చ పంపు మీద ఉంది.

కాగితం మీద ఉన్న తర్వాతి ప్రశ్న తప్ప ఇంకేమీ అడగకూడదు. అడిగింది.

"అలా అని మీరు ఎలా అనుకున్నారో చెప్పండి."

"అనుకునేదేంటే? ఆకుపచ్చ వెలుగుతోంది కదా! ఆకుపచ్చ అంటే ఆగినట్టే. ఎరుపు అంటే కరెంటు ఉంది, దగ్గరికి రాకు అని. పాత ప్యానెల్లో రెండు బల్బులుండేవి. ఎరుపు వెలిగితే పులి మేలుకుని ఉందని, ఆకుపచ్చ వెలిగితే పడుకుందని మా మేస్త్రి నాకు మీసాలు రాకముందు చెప్పాడు. అప్పటి నుంచి ఆకుపచ్చ చూసే చెయ్యి పెట్టాను. ఒక్కరోజు కూడా..."

అక్కడ ఆగిపోయాడు.

ఆగింది ఏదో గుర్తొచ్చి కాదు. తెర మీద ట్యాంకులో నీలం గీత మెల్లగా కిందకి దిగుతోంది. అది ఆయన చూశాడు. గీత ఒక గుర్తు దాటింది. ఆయన వేలు కింద ఆకుపచ్చ పంపు బొమ్మ తిరగడం మొదలుపెట్టింది.

వేలు చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. కాగితం మీద గీసిన మంటకి చెయ్యి కాలినట్టు.

"ఏమైందే?"

ఆమె పలకలేదు.

"ఏమైంది? ఎందుకు తిరుగుతోంది? నేనేం నొక్కలేదు. నిన్నే! ఎందుకు తిరుగుతోందే?"

పళ్ళు బిగించి కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, తుడుచుకోలేదు. అడుగుతున్నవాడు అన్న. జవాబు తన దగ్గరుంది. ఒక్క వాక్యం. కాని పరీక్ష అయిందనే దాకా చెప్పకూడదు. చెబితే అన్న చేసిన తప్పు అన్న తప్పుగానే మిగిలిపోతుంది. చెప్పకపోతేనే అది తెర తప్పవుతుంది.

"మాట్లాడవేం! మీ ఆయన రోగమే నీకూ పట్టుకుందా?" బల్ల మీద ఎడమచేత్తో గుద్దాడు. ల్యాప్‌టాప్ ఎగిరిపడింది. తలుపు తోసుకుని వదిన లోపలికి వచ్చింది.

అప్పుడు అన్న ఇంకా ముందుకి వంగి, కళ్ళు చికిలించి, పంపు కింద ఉన్న బూడిదరంగు అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. ఆకుపచ్చ దాని కింద "సిద్ధం, ఆటో" అని ఉంది. ఎరుపు వాటి కింద "సరఫరా లేదు" అని ఉంది.

"పరీక్ష అయిపోయిందన్నయ్యా," అందామె. అని, ఇన్ని రోజులుగా దాచుకున్నదంతా ఒక్కసారి కక్కేసింది. "అదీ సంగతి. కొత్త తెరలో ఆకుపచ్చ అంటే కరెంటు ఉంది, పంపు ఎప్పుడంటే అప్పుడు తిరగడానికి కాచుకుని కూర్చుందని. ట్యాంకులో నీళ్ళు తగ్గితే దానంతట అదే తిరుగుతుంది. ఎరుపు అంటే ఆగినట్టు. రోడ్డు మీద సిగ్నలు చూసి గీశాడు గీసినవాడు. పంపుహౌసులో ఎరుపంటే ఏమిటో, ఆకుపచ్చంటే ఏమిటో వాడు ఒక్కణ్ణి అడగలేదు. మా ఆయన తెర చూడకుండా చెప్పలేదన్నయ్యా. చూసే చెప్పాడు. నువ్వు ఇప్పుడు చూసినట్టే చూశాడు."

అన్న ఎడమచెయ్యి చొక్కా జేబు తడుముకుంది.

"ముందయితే ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాణ్ణి," అన్నాడు మెల్లగా. "ఫ్యూజు నా జేబులో ఉందంటే పంపు చచ్చినట్టే. ఈ తెర పెట్టాక ఆ ఫ్యూజుల పెట్టెకి తాళం వేశారు. ఇక ఫ్యూజులతో పనిలేదు, పైనుంచి చెబుతారు అన్నారు." గొంతు మళ్ళీ లేచింది. ఈసారి చెల్లెలి మీద కాదు. "ఎవడు మార్చాడే? పులి పడుకుందన్న దీపానికి పులి మేలుకుందన్న అర్థం ఎవడు పెట్టాడు? పెట్టినవాడు నాకెందుకు చెప్పలేదు? ఏం, గోతిలో ఉన్నవాడు మనిషి కాదా? మీ ఆయన స్థానంలో నేనుంటే నేనూ అదే చెప్పేవాణ్ణి కదే! ఇంకొకడి చెయ్యి తీసేసేవాణ్ణి కదే!"

"అరవకండి," అంది వదిన. ఆవిడ మొహం పాలిపోయింది.

"అరుస్తాను. రేపు అక్కడా అరుస్తాను. బావ మీద ఒక్క మాట చెప్పను. ఈ ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి ఆ పెద్దమనుషులందరినీ దీని ముందు కూర్చోబెడతా. చెయ్యి ఎక్కడ పెట్టాలో చెప్పండ్రా అంటా."

"మరి మనకి చెయ్యి ఎవరిస్తారు?" అంది వదిన. ఆవిడ అడిగింది కోపంతోనే అయినా, చివరికి వచ్చేసరికి గొంతు పగిలింది. చెల్లెలు లేచి వెళ్ళి వదిన భుజం మీద చెయ్యి వేసింది. వదిన విదిలించలేదు. నాలుగు నెలల తర్వాత మొదటిసారి విదిలించలేదు.

అప్పుడే గది తలుపు మీద చప్పుడైంది. అద్దం వెనక నుంచి మేడమ్ వచ్చింది. ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని మనిషి. పిల్లలకి ఆవిడంటే భయం, చెల్లెలికి భక్తి. వయసు చూసి నవ్వినవాళ్ళ నోళ్ళు మూయించి ఈమెని ముందు వరసలో కూర్చోబెట్టింది ఆవిడే.

"ఈరోజుకి ఇక్కడితో ఆపుదాం," అంది మేడమ్. చూపు ఎవరి మీదా లేదు. "పెద్దాయన అలిసిపోయారు. నువ్వు చాలా బాగా చేశావు. ఒక్క మాట కూడా సాయం చెయ్యలేదు."

అన్న తల తిప్పి చూశాడు. చూస్తూ ఉండిపోయాడు.

"మిమ్మల్ని నేను చూశాను," అన్నాడు.

"నన్నా?"

"మిమ్మల్నే. మా పంపుహౌసుకి వచ్చారు. కొత్త తెర పెట్టే ముందు. బావ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను స్పానరు కోసం పైకొస్తే, 'ఎవరూ లోపలికి రాకూడదు, పరీక్ష జరుగుతోంది' అని నన్ను బయటికి పంపారు. ఇదే గొంతు."

చెల్లెలికి మొదట ఆ మాట బోధపడలేదు. మేడమ్ కాదంటుందని చూసింది. మేడమ్ అనలేదు.

"మేడమ్?"

"ఒక్కసారి బయటికి రా. మనం మాట్లాడుకుందాం."

"ఇక్కడే చెప్పండి. పరీక్ష ఎవరి మీద చేశారు? మా ఆయన మీదా?"

"తెర మీద," అంది మేడమ్ అలవాటుగా. అన్నాక ఆ మాట ఆవిడకే చేదుగా తగిలినట్టుంది. కుర్చీ అంచు పట్టుకుంది. "అవును. మీ ఆయనే కూర్చున్నారు. అది మీ ఇంటాయన అని నాకు ఈరోజు దాకా తెలియదు. పంపుహౌసు తెర అంటే ఏదో అనుకున్నాను. నువ్వు ల్యాప్‌టాప్ తిప్పాక గుర్తుపట్టాను."

"ఆయనేం చెప్పాడు?"

"మీ అన్నయ్య చెప్పిందే."

"మీరేం చేశారు?"

మేడమ్ చూపు అద్దం మీదికి పోయింది. చెల్లెలికి అర్థమైపోయింది. అర్థమవుతూనే అరికాలి మంట నెత్తికెక్కింది.

"సాయం చేశారు! 'కాదండీ, ఆకుపచ్చ అంటే సిద్ధంగా ఉన్నట్టు' అని చెప్పేశారు! చెప్పాక ఆయన మిగతావన్నీ సరిగ్గా నొక్కాడు. తెర బాగుందని మీరు పైవాళ్ళకి చెప్పేశారు. అంతేనా?"

"తొందర పెట్టారు. ఆ వారమే పెట్టెయ్యాలన్నారు. ఒక్క మనిషి తప్పు చేస్తే అది..."

"ఒక్క మనిషా! ఆ కుర్చీలో కూర్చునేది ఆ ఒక్క మనిషే కదండీ!" ఆమె ఎప్పుడూ మేడమ్ ముందు గొంతెత్తింది లేదు. ఇప్పుడు అద్దం వెనక ఉన్న పిల్లలందరికీ వినిపించేలా అరుస్తోంది. "మాకేం చెప్పారు మీరు? ఒక్క మాట సాయం చేసినా ఆ తర్వాతదంతా అబద్ధమే అన్నారు. నేను నా తోడబుట్టినవాడు ఎదురుగా కూర్చుని ఏమైందే, ఏమైందే అని మొత్తుకుంటుంటే రాయిలా కూర్చున్నాను. మీ మాట నమ్మి! ఆ మాట మీకు అప్పుడు తెలియదా? లేకపోతే మా అన్న చెయ్యి పోయాకే నేర్చుకున్నారా?"

వదిన చెల్లెలి పక్కకి వచ్చి నిలబడింది. ఇద్దరు ఆడవాళ్ళూ భుజం భుజం కలిపి నిలబడటం ఆ కుటుంబంలో ఇదే మొదలు.

మేడమ్ మొహం కందగడ్డలా అయింది. ఇన్నాళ్ళూ చదువు చెప్పిన మనిషి కదా, చదువుకునే మనిషి చేత ఇన్ని మాటలు పడటం ఆవిడకి ఎక్కడో తగిలింది. ఓర్చుకునే దాకా ఓర్చుకుంది. ఇక ఓర్చుకోలేదు.

"నేను చేసింది తప్పే. ఆ తప్పు నాకు తెలిసింది. మర్నాడే తెలిసింది." ఒక్కో మాటా నొక్కి చెప్పింది. "రంగులు తిరగెయ్యాలని కంపెనీలో కూర్చుని గొడవపడ్డాను. వాళ్ళు ఒప్పుకున్నారు కూడా. పంపుహౌసు ఆపరేటరు కూడా రంగులు మార్చమంటే మార్చేస్తాం అన్నారు. ఆయన్ని పిలిపించారు. అందరి ముందూ అడిగారు."

"అడిగితే?"

"వద్దన్నారు."

"ఎవరు?"

"మీ ఆయన. 'రంగులు మార్చొద్దండి, ఇలాగే ఉండనీయండి' అన్నారు. ఎందుకని నేను అడిగాను. నా వైపు చూడలేదు. గోడ వైపు తిరిగి నిలబడ్డారు."

ల్యాప్‌టాప్ తెర మీద ఆకుపచ్చ పంపు ఇంకా తిరుగుతూనే ఉంది. ఎవరికీ ఆపాలని తోచలేదు.

"అబద్ధం," అంది చెల్లెలు. అంటూనే ఆమెకి తెలుసు, అలా అనుకోవాలని ఉంది కాబట్టి అంటోందని. ఎవరేమడిగినా మొగుడు "నా తప్పే" అనడం, ఎవరి కళ్ళలోకీ చూడకపోవడం, రాత్రుళ్ళు మంచం అంచున కూర్చోవడం, ఇన్ని రోజులుగా అవన్నీ ఆమె బాధ అనుకుంది. తెర మీద నెట్టెయ్యడానికి వీల్లేని బరువు ఇంకేదో ఉందని ఒక్కరోజు కూడా తట్టలేదు.

అన్న కుర్చీలోంచి లేచాడు. ఇందాక బల్ల గుద్దినప్పుడు ఆయన మొహంలో ఉన్న ఎరుపు ఇప్పుడు లేదు. అదే భయంగా ఉంది.

"తెలిసీ చెప్పాడన్నమాట," అన్నాడు. "ఆకుపచ్చ అంటే ఏమిటో ఒకసారి తప్పు చేసి, తెలుసుకుని, మార్చొద్దని చెప్పి, ఆ తర్వాత నాకు చెయ్యి పెట్టమన్నాడు."

"అన్నయ్యా, ఆగు. ఎందుకు వద్దన్నాడో మనకి తెలియదు."

"తెలుసుకుందాం." తలుపు వైపు నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూశాడు. "బావ ఇంట్లోనే ఉన్నాడా?"

ఆ అడిగిన తీరుకి వదినే బెదిరి, ఆయన ఎడమచెయ్యి గట్టిగా పట్టుకుంది. "రేపు విచారణ పెట్టుకుని ఇప్పుడు గొడవొద్దండీ. ఏదైనా అయితే..." అంటోంది. ఇందాక మెట్ల మీద ఎవరి మీద నిప్పులు కక్కిందో, ఆ మనిషి కోసమే ఇప్పుడు మొగుణ్ణి బతిమాలుతోంది.

చెల్లెలు ల్యాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకుంది. మేడమ్ ఏదో అనబోతే ఆవిడ వైపు చూడను కూడా లేదు. అన్నని దాటి, వదినని దాటి, అందరికంటే ముందు గుమ్మంలోంచి బయటికి నడిచింది.

"ఇంట్లోనే ఉన్నాడు," అంది. "పద. కాని ముందు నువ్వు నోరెత్తకు. అడిగేది నేను."